పద్నాలుగో రోజు

ఆ బూడిదరంగు పెట్ట
ఏప్రిల్ చివర్లో పొదుగుకొచ్చింది.
చిలోయే దీవిలో ఏప్రిల్ అంటే
చలి గుమ్మంలో నిలబడి
చెప్పులు విప్పుతున్న నెల.
"ఇప్పుడా నీకు పిల్లల మీద మనసు పుట్టింది?"
అని ఒతీలియా దాన్ని చన్నీళ్ళ తొట్టిలో ముంచింది,
తీగల అడుగున్న బోనులో మూడు రాత్రులు పెట్టింది.
నాలుగోనాడు తలుపు తీస్తే
తిన్నగా నడిచివెళ్ళి
బంగాళాదుంపల బుట్టలో కూచుంది,
ఐదు దుంపల్ని రొమ్ముకింద సర్దుకుంటూ.

"మొండి ఘటం" అంది ఒతీలియా.
చుట్టాన్ని గుర్తుపట్టినట్టుంది ఆ గొంతు.

గూడు మార్చడం రాత్రే.
చీకట్లో ఎత్తితే కోడికి ఊరు మారిందని తెలీదట.
అడుగున పొయ్యి బూడిద, పేలు పట్టకుండా.
దానిమీద ఎండుగడ్డి.
గడ్డిలో ఒక తుప్పు మేకు,
ఉరిమితే గుడ్డు మురగకుండా.
పదకొండు నీలి గుడ్లు,
ఒక్కోదానిమీదా పెన్సిలు గీత.
గీత లేనిది కనిపించిందా,
పక్క పెట్ట దొంగచాటుగా పెట్టిపోయినట్టు.

ఏడో రాత్రి టార్చి పెట్టి చూశాం.
రెండింట్లో వెలుగు అడ్డం లేకుండా నడిచిపోయింది.
తక్కినవాటిలో ఎర్రటి దారాలు,
నడుమ ఒక చుక్క
ఉలిక్కిపడింది.

నేను ఆ ఇంట్లో అద్దెకున్నదాన్ని.
సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
ఐసు మీద ముళ్ళు తీసే పని.
ఎన్ని తొడుగులేసినా వేళ్ళ చలి ఇంటిదాకా వస్తుంది.
బస్సు నడిపే రోసమెల్ ఓసారి కరచాలనం చేసి
"చెయ్యిచ్చావా, చేపనిచ్చావా?" అన్నాడు.

పద్నాలుగో రోజు ఒతీలియా పళ్ళు చూపించుకోడానికి
పడవెక్కి కాస్త్రో వెళ్ళింది.
"రోజుకోసారి దిగుతుంది.
నూకలు తిని, నీళ్ళు తాగి,
పిడికెడు రెట్ట వేసి,
బూడిదలో ఒళ్ళు దులుపుకుని
ఇరవై నిమిషాల్లో ఎక్కేస్తుంది.
నువ్వు చేసేదేం లేదు. మెలకువగా ఉండు, చాలు."

నిద్రపోయాను.

గాలికి కోళ్ళగూటి తలుపు పడింది.
లేచేసరికి వానలో తడిసి ముద్దయిన పెట్ట
చెక్కల్ని ముక్కుతో కొడుతోంది.
ఎంతసేపటినుంచో
దానికి తెలుసు, నాకు తెలీదు.
గుడ్లు తాకాను.
నా వేళ్ళకి అవి వెచ్చగానే అనిపించాయి.
నా వేళ్ళ మాట నేనే నమ్మలేదు.
బుగ్గకి ఆనించుకుంటే తెలిసింది.

తడి కోడిని ఎక్కనివ్వకూడదు.
చేతుల్లో పట్టుకుంటే నేనే చంపేదాన్ని.
స్వెటర్ ఎత్తి
తొమ్మిదింటినీ పొట్టకి కట్టుకున్నాను.
అది పొయ్యి పక్కన ఆరుతోంది.
నేను బల్లమీద, ఊపిరి సగం సగం పీలుస్తూ.
వంటింట్లో మేమిద్దరమే,
ఒకరినొకరు చూసుకుంటూ.
నా సొత్తు నీ ఒళ్ళో ఎందుకుందని
అడిగింది ఒంటికన్నుతో.
ఎంతసేపో చెప్పలేను. కట్టె రెండుసార్లు మార్చాను,
వంగకుండా, మోకాళ్ళ మీద దిగి.

ఒతీలియాతో ఏమీ అనలేదు.

ఇరవై ఒకటో తెల్లారి ఏడు చిట్లాయి.
రెండింటిని ఆమె చెవి దగ్గర ఊపి చూసి
వెల్లుల్లి మడిలో పాతిపెట్టింది.
ఆ రెండూ నాకు ఏ పక్కనున్నవో,
బొడ్డు పక్కవో, చల్లటి కుట్టు పక్కవో,
అని చాన్నాళ్ళు లెక్కలేసుకున్నాను.

మేకు కడిగి సొరుగులో పడేస్తూ అంది:
"ఆరోజు నీ స్వెటర్‌కి గడ్డెందుకు అంటిందో
నేనడగలేదు కదా."
బంగాళాదుంపలు చెక్కుతున్న కత్తి
నా చేతిలో ఆగింది.
ఆమె అప్పటికే పెరట్లో ఉంది.

పిల్లల్ని చూద్దామని గంపలో చెయ్యి పెట్టాను.
పెట్ట మణికట్టు మీద పొడిచింది,
గట్టిగా, నన్నెన్నడూ ఎరగనట్టు.
రక్తం వచ్చింది.
ముట్టుకుని చూశాను,
వెచ్చగా ఉంది.